ఎల్బీ అంటే మనకు ఎల్బీ నగర్.. రాక్ సంగీతానికి లెస్టర్ బ్యాంగ్స్! 33 ఏళ్లకే వెళ్లిపోయిన ఓ రివ్యూ రైటర్ కథ

శుక్రవారం పొద్దున ఎల్బీ నగర్ వైపు వెళ్లే మెట్రో ఎక్కండి. మూసారాంబాగ్ దాటేసరికి పక్క సీట్లో ఎవరో ఒకరు ఫోన్‌లో పబ్లిక్ టాక్ చూస్తూ ఉంటారు. సినిమా బాగుందా? ఫస్టాఫ్ ఓకేనా? పాటలు ఎలా ఉన్నాయి? దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు తీర్పు వచ్చేస్తుంది. చైతన్యపురి వచ్చేసరికి ఐదుకి రెండు ముప్పావు అని రేటింగ్ కూడా పడిపోతుంది. ఇక ఎల్బీ నగర్‌లో రైలు ఆగేటప్పటికి గొడవ మొదలు. డబ్బులు తీసుకుని పొగిడాడని ఒకరు, డబ్బులు ఇవ్వలేదు కాబట్టే తిట్టాడని ఇంకొకరు.

ఈ గొడవ వెనుక ఒక సీరియస్ ప్రశ్న ఉంది. రివ్యూ రాసేవాడు ఎవరి మనిషి? నిర్మాత మనిషా, హీరో మనిషా, టికెట్ కొన్నవాడి మనిషా?

సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే 1973లో అమెరికాలో ఒక పాతికేళ్ల కుర్రాడు పెద్ద పత్రికలో చోటు పోగొట్టుకున్నాడు. అతని పేరు లెస్టర్ బ్యాంగ్స్. పొడి అక్షరాల్లో రాస్తే ఎల్బీ. మన ఎల్బీ నగర్‌లో ఉన్న ఎల్బీ లాల్ బహదూర్ శాస్త్రిది. ఆ ఎల్బీకి, ఈ ఎల్బీకి ఏ సంబంధమూ లేదు. కానీ పాట గురించి, సినిమా గురించి నాలుగు మాటలు చెప్పాలనుకునే ఎవరికైనా ఈ రెండో ఎల్బీ కథ తెలిస్తే మంచిది. రాక్ సంగీతం మీద రాసినవాళ్లలో ఇంతగా ప్రేమించబడినవాడు, ఇంతగా తిట్టించుకున్నవాడు ఇంకొకరు కనిపించరు.

నాన్న లేని ఇల్లు.. అమ్మ చేతిలో మత గ్రంథం

లెస్టర్ 1948 డిసెంబర్ 14న కాలిఫోర్నియాలోని ఎస్కొండిడో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నాన్న ట్రక్ డ్రైవర్. అమ్మ నార్మా జెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖలో గట్టి నమ్మకం ఉన్న మనిషి. లెస్టర్‌కి ఎనిమిదేళ్లప్పుడు నాన్న అగ్నిప్రమాదంలో చనిపోయాడు. తర్వాత తల్లీకొడుకులు శాన్‌డియేగో దగ్గర ఎల్ కహోన్ అనే ఊరికి మారారు.

ఇంట్లో ప్రార్థనలు, ప్రపంచం త్వరలో అంతమైపోతుందన్న బోధలు. పిల్లాడి మనసు మాత్రం రికార్డుల షాపులో. జాన్ కోల్ట్రేన్, మైల్స్ డేవిస్ లాంటి జాజ్ కళాకారులను పిచ్చిగా వినేవాడు. జాక్ కెరువాక్, విలియం బరోస్ లాంటి రచయితలను చదివేవాడు. కెరువాక్ రాసే పద్ధతి, ఆగకుండా ఊపిరి తీసుకోకుండా పరిగెత్తే వాక్యాలు, అతనికి బాగా పట్టుకున్నాయి. ఆ ఊపు తర్వాత అతని రివ్యూల్లోకి వచ్చింది.

కాలేజీలో చేరాడు కానీ చదువు ముందుకు సాగలేదు. పార్ట్ టైమ్‌గా చెప్పుల షాపులో సేల్స్‌మన్ ఉద్యోగం. పగలు కస్టమర్ల కాళ్లకు బూట్లు తొడగడం, రాత్రి రికార్డులు వింటూ టైప్ చేయడం. ఇరవై ఏళ్ల వయసులో అతని లైఫ్ ఇదీ. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్ పుస్తకాల పక్కన షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ రాసుకునే కుర్రాళ్లను చూసినవాళ్లకు ఈ సీన్ కొత్తేం కాదు.

పాట మీద రాయడం ఒక పని అయిన రోజులు

ఇక్కడ కొంచెం బ్యాక్‌గ్రౌండ్ తెలియాలి. 1960ల మొదట్లో అమెరికా పేపర్లలో రాక్ సంగీతానికి సీరియస్ రివ్యూ అంటూ దాదాపు లేదు. అది టీనేజ్ పిల్లల గోల అనుకునేవాళ్లు. శాస్త్రీయ సంగీతానికి విమర్శకులు ఉండేవారు, జాజ్‌కి ఉండేవారు. గిటార్లు, డ్రమ్స్, అరుపులు ఉన్న ఈ పాటలకు మాత్రం ఫ్యాన్ మ్యాగజైన్లే దిక్కు. ఫలానా హీరోకి ఏ రంగు ఇష్టం, ఏ కూర ఇష్టం అన్న టైపు రాతలు.

1966లో పాల్ విలియమ్స్ అనే 17 ఏళ్ల కాలేజీ కుర్రాడు క్రాడాడీ అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. రాక్ పాటను ఒక నవలను చర్చించినట్టు చర్చించడం అక్కడ మొదలైంది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి రోలింగ్ స్టోన్ వచ్చింది. జాన్ వెనర్, రాల్ఫ్ గ్లీసన్ దాన్ని ప్రారంభించారు. 1968లో న్యూయార్కర్ లాంటి పెద్దింటి పత్రిక కూడా పాప్ సంగీతం మీద రాయడానికి ఎలెన్ విల్లిస్ అనే రచయిత్రిని పెట్టుకుంది. 1969లో రాబర్ట్ క్రిస్ట్‌గౌ రికార్డులకు పరీక్ష పేపర్లలా గ్రేడ్లు ఇవ్వడం స్టార్ట్ చేశాడు. మన ఐదుకి రెండు ముప్పావుకి అన్నలాంటిదన్నమాట.

సరిగ్గా ఆ టైమ్‌లో రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులను కూడా రివ్యూలు పంపమని అడిగింది. ఎల్ కహోన్‌లో చెప్పులమ్మే కుర్రాడు ఆ ప్రకటన చూశాడు.

మొదటి రివ్యూ.. మొదటి తప్పు

అప్పట్లో డెట్రాయిట్‌కి చెందిన ఎంసీ ఫైవ్ అనే బ్యాండ్ గురించి గట్టి ప్రచారం నడుస్తోంది. వాళ్ల మొదటి ఆల్బమ్ ఇంకా రాకముందే రోలింగ్ స్టోన్ కవర్ మీద వాళ్ల సింగర్ బొమ్మ వచ్చేసింది. మన భాషలో చెప్పాలంటే టీజర్‌కే బ్లాక్‌బస్టర్ అనేశారు. లెస్టర్ ఆ హైప్ నమ్మి ఆల్బమ్ కొన్నాడు. విన్నాడు. ఒళ్లు మండింది. జేబులో డబ్బులు పెట్టి కొన్నవాడి కోపం మొత్తం కాగితం మీద పెట్టాడు. వేసుకోకపోతే ఎందుకు వేసుకోలేదో చెప్పాలని ఒక లెటర్ కూడా జత చేశాడు. 1969 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్ దాన్ని అచ్చేసింది. చెప్పుల షాపు కుర్రాడు రైటర్ అయిపోయాడు.

అయితే కథలో ట్విస్ట్ ఏంటంటే.. కొంతకాలానికి అదే ఎంసీ ఫైవ్‌కి అతను అభిమాని అయిపోయాడు. తను తిట్టిన ఆల్బమ్‌లోనే తనకు అప్పుడు వినపడనిది ఏదో ఉందని తెలుసుకున్నాడు.

1970లో బ్లాక్ సబాత్ విషయంలోనూ ఇదే జరిగింది. ఈ రోజు హెవీ మెటల్ అనే సంగీతానికి పునాది వేసిన బ్యాండ్ ఏది అని ఎవరిని అడిగినా చెప్పే పేరు అది. ఆ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌ను రోలింగ్ స్టోన్‌లో లెస్టర్ చీల్చి చెండాడాడు. రెండేళ్లకు అదే బ్యాండ్ మీద రెండు భాగాల పెద్ద వ్యాసం రాశాడు. ఈసారి వాళ్ల పాటల్లో ఉన్న భయాన్ని, కోపాన్ని, మంచీ చెడుల వెతుకులాటను సీరియస్‌గా తీసుకుని రాశాడు.

తప్పు రాయడం పెద్ద విషయం కాదు. అందరూ రాస్తారు. అదే పేరుతో, అదే పాఠకుల ముందు మళ్లీ వచ్చి వేరే మాట చెప్పడానికి గుండె కావాలి. లెస్టర్ కెరీర్ అంతా ఈ అలవాటు కనిపిస్తుంది.

క్రీమ్ పత్రిక.. పల్లెటూరి ఇంట్లో ఆఫీసు

1969లోనే డెట్రాయిట్‌లో బ్యారీ క్రామర్ అనే వ్యాపారి క్రీమ్ అనే పత్రిక పెట్టాడు. అమెరికాలో ఏకైక రాక్ అండ్ రోల్ మ్యాగజైన్ తమదే అని కవర్ మీదే వేసుకునేవాళ్లు. పొగరు, వెటకారం, అల్లరి ఆ పత్రిక స్టైల్. రోలింగ్ స్టోన్ క్లాస్ అనుకుంటే క్రీమ్ పక్కా మాస్. 1971లో లెస్టర్ కాలిఫోర్నియా వదిలేసి మిషిగన్ వెళ్లి ఆ పత్రికలో చేరాడు. దాదాపు ఐదేళ్లు అక్కడే ఉన్నాడు.

కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్. క్రీమ్ కొంతకాలం ఆ సిటీకి దూరంగా వాల్డ్ లేక్ అనే చోట ఒక ఫామ్ హౌస్ నుంచి నడిచింది. ఎడిటర్లు, రైటర్లు అంతా ఒకే ఇంట్లో. తిండి అక్కడే, నిద్ర అక్కడే, గొడవలు అక్కడే. జీతం అంటూ పెద్దగా ఏమీ లేదు. కానీ రాసుకోవడానికి ఎన్ని పేజీలు కావాలంటే అన్ని పేజీలు. ఒక పాట గురించి మొదలుపెట్టి, తన చిన్నప్పటి ఊరు, తాగిన రాత్రి, చదివిన పుస్తకం అన్నీ తిరిగొచ్చి మళ్లీ పాట దగ్గర ఆగేవాడు లెస్టర్.

ఆ రోజుల్లో అందరూ గొప్పవాళ్లని మొక్కే బ్యాండ్లు వేరు. నున్నగా, ఖరీదుగా, పావుగంట గిటార్ సోలోలతో ఉండే సంగీతం. లెస్టర్‌కి అది నచ్చలేదు. గ్యారేజీల్లో మూడే మూడు కార్డ్స్ నేర్చుకుని వాయించే అనామక బ్యాండ్లలో అతనికి ప్రాణం కనిపించింది. కౌంట్ ఫైవ్ అనే ఒక్క హిట్ పాట బ్యాండ్ మీద 1971లో పెద్ద వ్యాసం రాశాడు. అందులో ఆ బ్యాండ్ ఎప్పుడూ చేయని ఆల్బమ్‌లను కూడా ఊహించి, చేసినట్టే వర్ణించాడు. నవ్వు పుట్టించే పని. కానీ వెనుక పాయింట్ ఉంది. ప్రతిభ లేదని తీసిపారేసిన కుర్రాళ్లకు ఇంకో నాలుగు ఛాన్సులు వచ్చి ఉంటే ఏం చేసేవాళ్లు అని పాఠకుడు ఆలోచించాలి.

అదే ఏడాది క్రీమ్‌లో డేవ్ మార్ష్ అనే సహచరుడు పంక్ రాక్ అన్న మాట వాడాడు. డెట్రాయిట్ పరిసరాల్లో పెరిగిన ఇగ్గీ పాప్ బ్యాండ్ స్టూజెస్‌ను లోకం నవ్వులాటగా చూస్తున్నప్పుడు లెస్టర్ వాళ్ల కోసం పేజీలకు పేజీలు వాదించాడు. మరో నాలుగైదేళ్లకు న్యూయార్క్‌లో, లండన్‌లో పంక్ ఒక ఉద్యమంలా పేలింది. విమర్శకుడు ట్రెండ్ వెనక పరిగెత్తడం మామూలే. ఇక్కడ విమర్శకులు రాసిన మాట ముందు వచ్చింది, ఉద్యమం వెనక వచ్చింది.

ఉద్యోగం ఎందుకు పోయింది?

లెస్టర్ క్రీమ్‌లో ఉంటూనే రోలింగ్ స్టోన్‌కి కూడా రాసేవాడు. 1973లో క్యాన్డ్ హీట్ అనే బ్యాండ్ ఆల్బమ్ మీద ఒక వెటకారపు రివ్యూ పంపాడు. దాంతో జాన్ వెనర్ ఇక అతని రాతలు వద్దనేశాడు. కారణం? సంగీతకారులను అగౌరవపరుస్తున్నాడట.

దీని వెనుక వ్యాపారం ఎలా నడుస్తుందో చూస్తే విషయం అర్థమవుతుంది. రికార్డు కంపెనీలు విమర్శకులకు కొత్త రికార్డులు ఫ్రీగా పంపేవి. కచేరీలకు పాస్‌లు, పార్టీలకు ఆహ్వానాలు, కొన్నిసార్లు విమాన టికెట్లు, హోటల్ గదులు. ఇంకోపక్క అవే కంపెనీలు పత్రికకు ప్రకటనలు ఇచ్చేవి. స్టార్ ఇంటర్వ్యూ కావాలన్నా కంపెనీయే దిక్కు. తిట్టి రాస్తే ఇంటర్వ్యూ రాదు. ఇంటర్వ్యూ రాకపోతే కవర్ లేదు. కవర్ లేకపోతే అమ్మకాలు లేవు. ఎవరూ ఎవరికీ లంచం ఇవ్వక్కర్లేదు. అందరూ కాస్త మర్యాదగా ఉంటే చాలు, రివ్యూ దానంతట అదే చప్పబడిపోతుంది.

ప్రీ రిలీజ్ ఈవెంట్ గిఫ్ట్ బ్యాగులు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

లెస్టర్ ఈ మర్యాదకు ఒప్పుకోలేదు. అలాగని అతను సన్యాసి కాదు. ఫ్రీ రికార్డులు తీసుకున్నాడు, పార్టీలకు వెళ్లాడు, తాగాడు. కానీ స్టార్ పక్కన కూర్చున్నంత మాత్రాన స్టార్ ఫ్రెండ్ అయిపోలేదు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బ్యాండ్ నుంచి వచ్చిన లూ రీడ్ అతనికి ఆరాధ్య దైవం. ఆ లూ రీడ్‌తో చేసిన ఇంటర్వ్యూలు మాత్రం కుస్తీ పోటీల్లా ఉంటాయి. నువ్వు ఇంతకంటే బాగా చేయగలవు, ఎందుకు చేయడం లేదు అని దేవుడినే నిలదీసే భక్తుడి గొడవ అది. లూ రీడ్ 1975లో గిటార్ హోరు తప్ప పాటే లేని మెటల్ మెషిన్ మ్యూజిక్ అనే డబుల్ ఆల్బమ్ తెస్తే, లోకమంతా డబ్బులు వాపస్ అడుగుతుంటే, లెస్టర్ దాన్ని ఆకాశానికి ఎత్తేశాడు. సగం జోక్, సగం నిజం. ఏ సగం ఏదో పాఠకుడే తేల్చుకోవాలి.

ఇంకో సరదా సంఘటన. 1974లో జె. గైల్స్ బ్యాండ్ కచేరీలో లెస్టర్ టైప్‌రైటర్‌తో స్టేజీ ఎక్కాడు. దానికి మైక్ పెట్టారు. బ్యాండ్ పాట వాయిస్తుంటే వేల మంది ముందు తాళానికి తగ్గట్టు అక్షరాలు కొట్టాడు. చివర్లో గిటార్ పగలగొట్టే హీరోల్లా టైప్‌రైటర్‌ని పగలగొట్టేశాడు. రాయడం కూడా ఒక వాయిద్యమే అని అతను నమ్మేవాడు. ఆ రోజు దాన్ని స్టేజీ మీద చూపించాడు, అంతే.

న్యూయార్క్‌లో.. ఎల్విస్ పోయిన రోజు

1976లో క్రీమ్ వదిలేసి న్యూయార్క్ చేరాడు. సీబీజీబీ అనే చిన్న క్లబ్ చుట్టూ పంక్ బ్యాండ్లు పుట్టుకొస్తున్న టైమ్ అది. విలేజ్ వాయిస్ లాంటి పత్రికలకు ఫ్రీలాన్స్‌గా రాసేవాడు. ఫ్రీలాన్స్ అంటే తెలుసుగా, రాస్తే డబ్బులు, లేకపోతే లేదు.

1977 ఆగస్ట్ 16న ఎల్విస్ ప్రెస్లీ చనిపోయాడు. అమెరికా మొత్తం నివాళి వ్యాసాలతో నిండిపోయింది. లెస్టర్ రాసింది మాత్రం వేరే. ఎల్విస్‌ని అందరూ కలిసి ఇష్టపడ్డట్టు ఇకముందు ఏ ఒక్కరినీ అందరూ కలిసి ఇష్టపడరు అన్నాడు. ఎవరి హీరో వాళ్లకు, ఎవరి పాట వాళ్లకు. అలా విడిపోతున్న జనంలో ఒకరంటే ఒకరికి లెక్క లేకుండా పోతుందని భయపడ్డాడు. చివర్లో వీడ్కోలు చెప్పింది ఎల్విస్‌కి కాదు, చదివేవాళ్లకి.

1977లో ఇయర్‌ఫోన్ల ప్రపంచం లేదు. వాక్‌మన్ కూడా ఇంకా రెండేళ్లకు గానీ రాలేదు. ఇప్పుడు అదే మెట్రో బోగీలో చూడండి. ఒకరి చెవిలో తమన్, ఇంకొకరి చెవిలో కొరియన్ పాప్, పక్కనే ఫోక్ డీజే. ఒకరు వింటున్నది ఇంకొకరికి వినపడదు. అతను భయపడ్డది ఇదే.

కానీ అతని అంచనా పూర్తిగా నిజం కాలేదని కూడా చెప్పాలి. 2020 సెప్టెంబర్ 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పోయినప్పుడు కోవిడ్ వల్ల ఇళ్లలోనే ఉన్నాం. అయినా ఆ రోజు ఏ తెలుగు ఇంట్లో విన్నా ఒకటే గొంతు. తాతకీ మనవరాలికీ ఒకే బాధ. లెస్టర్ బతికి ఉండి అలాంటి రోజు చూసి ఉంటే, తన మాట మళ్లీ మార్చుకునేవాడేమో.

ఫ్యాన్‌ని కొడితే బ్యాండ్ ఏం చేసింది?

అదే 1977లో ఇంగ్లండ్ వెళ్లి ద క్లాష్ అనే పంక్ బ్యాండ్‌తో కలిసి తిరిగాడు. ఎన్‌ఎంఈ అనే బ్రిటిష్ వారపత్రికకు మూడు భాగాలుగా రాశాడు. ఆ వ్యాసాల్లో పాటల కంటే ఎక్కువగా ఒక విషయం గమనించాడు. బ్యాండ్ వాళ్లు అభిమానులతో ఎలా ఉంటున్నారు? డబ్బుల్లేక ఆఖరి బస్సు పోగొట్టుకున్న కుర్రాళ్లను తమ హోటల్ గదుల్లో పడుకోనిచ్చేవాళ్లు. స్టార్‌కి, ఫ్యాన్‌కి మధ్య గోడ లేకపోవడం చూసి లెస్టర్ కరిగిపోయాడు.

తర్వాత అదే టూర్‌లో బ్యాండ్ మనుషుల్లో ఒకరు ఒక అభిమానితో దురుసుగా ప్రవర్తించాడు. బ్యాండ్ పట్టించుకోలేదు. లెస్టర్ అది కూడా రాశాడు. తనకు బాగా నచ్చిన బ్యాండ్, తనను వెంట తిప్పుకున్న బ్యాండ్. దాచేయడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. దాచలేదు.

రివ్యూ రాసేవాడు ఎవరి మనిషి అన్న ప్రశ్నకు లెస్టర్ జవాబు ఇక్కడ దొరుకుతుంది. హోటల్ గదిలో నేల మీద పడుకున్న ఆ కుర్రాడి మనిషి.

తనమీద తానే రాసుకున్న రివ్యూ

1979లో విలేజ్ వాయిస్‌లో వచ్చిన ఒక వ్యాసం గురించి తప్పక చెప్పాలి. న్యూయార్క్ పంక్ కుర్రాళ్లలో నల్లజాతివారి మీద జోకులు, నాజీ గుర్తులు ఫ్యాషన్‌గా పెట్టుకోవడం మామూలైపోయింది. ఊరికే షాక్ చేయడానికి అని సమర్థించుకునేవాళ్లు. రాక్ సంగీతం పుట్టిందే నల్లజాతివారి బ్లూస్ నుంచి అని అందరికీ తెలుసు. అయినా ఇది.

లెస్టర్ ఆ రంగంలో ఉన్నవాళ్లను, ఆ మాటలు పడ్డవాళ్లను కలిసి మాట్లాడాడు. ఇతరులను తిట్టి ఊరుకుంటే అదొక మామూలు వ్యాసం అయ్యేది. అతను క్రీమ్ రోజుల్లో తను వాడిన మాటలు, పార్టీల్లో తను వేసిన జోకులు కూడా బయటపెట్టాడు. అవి విని ఎదుటివాళ్లు ఎలా గాయపడ్డారో రాశాడు. సరదా అనుకున్నది సరదా కాదని ఒప్పుకున్నాడు. తనకు పేరు తెచ్చిన స్టైల్‌నే బోనులో నిలబెట్టాడు. స్నేహితులు కొందరికి కోపం వచ్చింది. ఈ రోజుకీ రాక్ విమర్శలో గుర్తుపెట్టుకోవాల్సిన వ్యాసాల లిస్టులో అది ఉంటుంది.

అదే ఏడాది, వాన్ మారిసన్ 1968 ఆల్బమ్ ఆస్ట్రల్ వీక్స్ మీద ఇంకో వ్యాసం రాశాడు. తను మానసికంగా బాగా దెబ్బతిన్న రోజుల్లో ఆ రికార్డు తనను ఎలా నిలబెట్టిందో చెప్పాడు. అరుపులూ వెటకారం ఏమీ లేవు. తోటి మనిషి బాధను ఎంతవరకు చూడగలం, ఎక్కడ చూపు తిప్పేసుకుంటాం అన్నదే అందులో విషయం. లెస్టర్ అంటే బూతులు, గోల అనుకునేవాళ్లు మొదట ఇది చదవాలి.

33 ఏళ్లకే..

ఇక కథలో చెప్పడానికి కష్టమైన భాగం. లెస్టర్ చిన్న వయసు నుంచే మందుకు, దగ్గు సిరప్‌లకు, మాత్రలకు అలవాటు పడ్డాడు. వాటి గురించి గొప్పగా, నవ్వు పుట్టేలా రాసుకున్నాడు కూడా. చదివేవాళ్లు నవ్వారు. ఆరోగ్యం నవ్వలేదు. చివరి రోజుల్లో మానేయడానికి గట్టిగానే ప్రయత్నించాడు. మెక్సికో వెళ్లి నవల రాయాలని ప్లాన్ వేసుకున్నాడు.

1982 ఏప్రిల్‌లో అతనికి ఫ్లూ వచ్చింది. ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోని తన ఫ్లాట్‌లో చనిపోయి కనిపించాడు. నొప్పి మాత్రలు, ఇతర మందులు కలిసి ప్రాణం తీశాయి. కావాలని చేసుకున్నది కాదు, ప్రమాదమే అన్నారు. వయసు 33.

చనిపోవడానికి రెండు వారాల ముందు జిమ్ డెరొగాటిస్ అనే హైస్కూల్ విద్యార్థి ఇంటర్వ్యూ కావాలని అడిగితే లెస్టర్ కాదనలేదు. ఒక స్కూల్ పిల్లాడికి ఆ టైమ్ ఇవ్వాల్సిన అవసరం అతనికి లేదు. ఆ పిల్లాడే పెద్దయి సంగీత విమర్శకుడు అయ్యాడు. 2000లో లెస్టర్ జీవిత చరిత్ర రాశాడు.

అంతకుముందు 1970ల మొదట్లో శాన్‌డియేగోలో ఇంకో టీనేజ్ కుర్రాడికి కూడా లెస్టర్ ఇలాగే దారి చూపాడు. అతను కామెరాన్ క్రో. తర్వాత హాలీవుడ్ డైరెక్టర్ అయ్యాడు. తన కథనే 2000లో ఆల్మోస్ట్ ఫేమస్ అనే సినిమాగా తీశాడు. లెస్టర్ పాత్రలో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ నటించాడు. రాక్ స్టార్లతో స్నేహం చేస్తే నిజం రాయలేవని ఆ పాత్ర కుర్రాడిని హెచ్చరిస్తుంది. ఆ సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది.

బతికి ఉండగా లెస్టర్ వ్యాసాలు ఒక్క పుస్తకంగా రాలేదు. 1987లో మిత్రుడు, విమర్శకుడు గ్రైల్ మార్కస్ వాటిని ఏర్చి కూర్చి అచ్చు వేయించాడు. 2003లో జాన్ మార్త్‌లాండ్ ఇంకో సంపుటి తెచ్చాడు. 1989లో ఆగిపోయిన క్రీమ్ 2022లో మళ్లీ మొదలైంది.

మన పాటకు ఎవరున్నారు?

తెలుగులో ఈ సంప్రదాయం అసలు లేదని కాదు. కొడవటిగంటి కుటుంబరావు సినిమాల మీద సీరియస్ వ్యాసాలు రాశారు. ఆయన కొడుకు రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలో సైంటిస్ట్, సితార్ వాయించేవారు. రాగం అంటే తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా తెలుగులో సంగీతం గురించి రాశారు. 2012లో ఆయన పోయారు.

కానీ ఇప్పుడు కొత్త ఆల్బమ్ వస్తే మనం చదివేది ఏంటి? పాటకు రెండు లైన్లు. బీట్ బాగుంది, లిరిక్స్ ఓకే, సెకండ్ సాంగ్ హైలైట్. రాసేవాళ్లలో చాలామందికి వయసు లెస్టర్ మొదలుపెట్టిన వయసే. తెలివి తక్కువ కాదు. టైమ్ తక్కువ. మా లాంటి డెస్కుల్లో పాట పొద్దున పదింటికి వస్తే పదిన్నరకి రివ్యూ ఉండాలి. పదకొండుకి పెడితే ఎవరూ చూడరు.

అందుకే లెస్టర్ నుంచి కాపీ కొట్టాల్సింది అతని తిట్లు కాదు, తాగుడు అసలే కాదు. డబ్బులు పెట్టి కొన్నవాడి పక్కన నిలబడటం, తప్పు తెలిసినప్పుడు అదే చోట నిలబడి చెప్పడం. ఈ రెండూ వస్తే చాలు.

నా సంగతి చెప్తా. రెండేళ్ల కింద ఒక పాట రిలీజైన పావుగంటకి రొటీన్ ట్యూన్ అని రెండు లైన్లలో తేల్చేశా. ఒక్కసారే విన్నా, అది కూడా ఫోన్ స్పీకర్‌లో. ఆ తర్వాత ఒక రాత్రి షిఫ్ట్ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వరకు నడుచుకుంటూ వెళ్తుంటే ఇయర్‌ఫోన్స్‌లో అదే పాట వచ్చింది. కొత్తపేట దాటేలోపు మూడుసార్లు విన్నా. నెల రోజులు వదల్లేదు.

ఆ రెండు లైన్లు ఇంకా అలాగే ఉన్నాయి. మార్చలేదు. ఈ స్టోరీ పబ్లిష్ చేశాక మొదట చేయబోయేది ఆ పనే.